బొబ్బపై ఆకు వేయుటకు ముందు

గత కార్తీకమాసము చివర, మా డెల్టాలో సార్వా కోతలు ముమ్మరముగా సాగుచున్న రోజులలో, ఒకే ఉదయమున ఇద్దరు రోగులు నా వైద్యశాలకు వచ్చిరి. ఇద్దరి ఒంటి మీదను ఒకే పూత కలదు, జేగురు పూత. మొదటివాడు పాతికేండ్ల యువకుడు, ట్రాక్టరు తోలువాడు. మెడకు ఎడమ ప్రక్కన కొరడాతో కొట్టినట్లు ఎర్రని చార, ఆ చార వెంట సన్నని నీటిపొక్కులు. రెండవ ఆయన 58 ఏండ్ల రైతు. నుదుటి కుడి సగము నుండి కనురెప్ప మీదుగా ముక్కు కొన వరకు గుత్తులు గుత్తులుగా బొబ్బలు. కన్ను మూసికొనిపోయినది. ఆ బొబ్బల మీద జేగురు, జేగురు మీద పుల్లతో గీసిన పాము బొమ్మ. ఇద్దరును పామర్రు వైపు ఒకే ఊరివారు. ఇద్దరికిని పూసినది ఒకే పెద్దాయన. ఇద్దరికిని చెప్పిన మాట కూడ ఒకటే: "ఇది సర్పి. మూడు పూతలకు మాడిపోతుంది. ఇంగ్లీషు మందు ముట్టుకోవద్దు."

యువకునికి పది రోజులలో తగ్గినది. రైతునకు కుడికంటి చూపులో సగమే దక్కినది.

పాఠకులు గమనింపవలసినది ఏమనగా, దీని వలన ఆ ఊరిలో జేగురు పూత ఖ్యాతి తగ్గలేదు, పెరిగినది. యువకుడు తన మెడ చూపి నలుగురికి చెప్పుకొనుచున్నాడు. రైతు సంగతి ఎత్తినచో, "ఆయన ఆలస్యంగా వెళ్ళాడు, అప్పటికే పాము తలా తోకా కలిసింది" అని సరిపెట్టుకొనుచున్నారు.

అసలు యువకునిది సర్పియే కాదు. కోతల కాలమున రాత్రిపూట దీపముల చుట్టు మూగు పురుగులలో ఒకటి కలదు. చీమను పోలి సన్నగా, పొడుగుగా, సెంటీమీటరు కంటె చిన్నదిగా ఉండును. తల నలుపు, నడుము నారింజ, తోక చివర మరల నలుపు. అది కుట్టదు, కరవదు. కాని మెడ మీద వ్రాలినప్పుడు మనము చేతితో నలిపినచో దాని రక్తములోని విషము చర్మమునకు అంటుకొనును. ఆ క్షణమున ఏమియు తెలియదు. మరునాడో ఆ మరునాడో, నలిపిన చేయి ప్రాకినంత మేర ఎర్రని చార తేలి, దాని మీద పొక్కులు లేచును. మోచేతి మడతలో పడినచో మడతకు ఆ వైపు, ఈ వైపు అద్దములో చూచినట్లు జంట మచ్చలు వచ్చును. అదే చేతితో కన్ను నులుముకొన్నచో కన్ను వాచును. ఇది వారము పది రోజులలో, ఒకప్పుడు రెండు వారములలో తనంతట తానే మానును. జేగురు పూసినను మానును, పూయకపోయినను మానును. ఒంటి మీద ఆ పురుగు కనబడినచో నలుపక ఊదివేయవలెను, నలిగినచో వెంటనే సబ్బుతో కడుగవలెను. దానిని చూచి భయపడి పొలములో మందు కొట్టవలసిన పని లేదు. వరిలో దోమపోటు తెచ్చు పురుగులను అది తినును. రైతునకు అది మిత్రుడు, రైతు మెడకు మాత్రమే శత్రువు.

రైతుది నిజమైన సర్పి. సుశ్రుతుడు క్షుద్రరోగములలో 'కక్ష' అను దానిని చెప్పియున్నాడు. బాహువు, పార్శ్వము, భుజము, చంక ఈ తావులలో నొప్పితో కూడిన నల్లని స్ఫోటములు పిత్తప్రకోపము వలన పుట్టునని ఆ లక్షణము. చదివిన ప్రతిసారియు సర్పి రోగి నా కన్నుల యెదుట నిలుచును. నేడు మనకు దాని మూలము కూడ తెలిసినది. చిన్ననాడు ఆటలమ్మ పోసి తగ్గిన తరువాత ఆ రోగకారక సూక్ష్మజీవి ఒంటిని విడిచి పోదు. వెన్నెముక ప్రక్కనుండు నాడీమూలములలో దాగియుండును. వయసు మీరినప్పుడో, మరియొక రోగముచేత బలము తగ్గినప్పుడో ఏదో ఒక నాడి వెంట మరల పైకి వచ్చును. అందుచేతనే సర్పి ఒక ప్రక్కనే పుట్టి నడిమి గీత దగ్గర ఆగిపోవును. కుడి వైపు నాడి కుడి వైపుననే ముగియును. పాము చుట్టు తిరిగి తలయు తోకయు కలిసినచో ప్రాణము పోవునన్నది మన జనులలో తరతరాలుగా ఉన్న భయము. అట్లు కలియుట మిక్కిలి అరుదు. రెండు ప్రక్కల వ్యాపించినచో ఒంటి బలము ఎందుకో లోలోపల తరిగిపోవుచున్నదని అనుమానించి రక్తపరీక్ష చేయింపవలెను. పడుచువారికి సర్పి మాటిమాటికి వచ్చినను అంతే.

సర్పిలో బొబ్బకు రెండు మూడు రోజుల ముందే నొప్పి వచ్చును. మంట, పోటు, సూదులతో గ్రుచ్చినట్లుండుట. ప్రక్కటెముకల మీద వచ్చినచో గుండెనొప్పి అనుకొందురు, నడుము మీద వచ్చినచో మూత్రపిండములో రాయి అనుకొందురు. పొక్కులు లేచిన తరువాత 72 గంటల లోపల ఎసైక్లోవిర్ వంటి మందు మొదలిడినచో దాని ఉద్ధృతి తగ్గును. మూడు దినములు! మన జేగురు మూడు పూతలకును సరిగ్గా మూడు దినములే. రోగికి మందు పనిచేయు కాలమంతయు పూతలలోనే కరిగిపోవుచున్నది. నుదుటి మీదనో, కనురెప్ప మీదనో పొక్కు లేచినచో, ముఖ్యముగ ముక్కు కొన మీద లేచినచో, అది కంటికి పోవు నాడి శాఖయే కావున ఆ రోజే కంటి వైద్యునికి చూపవలెను. అట్టి వారికి మూడు దినములు దాటినను మందు ఇచ్చుదురు. మా రైతు ఆరవ దినమున నా యొద్దకు వచ్చెను. జేగురును తడిబట్టతో మెల్లగా తుడిచిన తరువాత గాని ముక్కు కొన మీది పొక్కు నాకు కనబడలేదు. నేను చేసిన వైద్యమంతయు ఆయనను ఆటో ఎక్కించి కంటి ఆసుపత్రికి పంపుటయే.

నేను జేగురును నిందించుట లేదు. అది మన గైరికమే, శీతల ద్రవ్యమే, లేపములలో శాస్త్రము చెప్పినదే. నా వైద్యశాలలోను చందనము, వట్టివేరు, సుగంధిపాల నూరి, నూరుమార్లు కడిగిన నేతిలో కలిపి సర్పి మంటకు పూయుదును. రోగికి హాయిగా ఉండును, రాత్రి కొంత నిద్ర పట్టును. కాని నాడిలో ప్రాకుచున్న దానిని ఆ లేపము ఆపలేదు. అరువది దాటిన వారికి పుండ్లు మానిన తరువాతను ఆ తావున నెలల తరబడి మంట మిగిలిపోవుట నేను పదే పదే చూచితిని. చొక్కా అంచు తగిలినను ఓర్వలేక ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వేసవి అంతయు ఉత్తరీయము కూడ లేక కూర్చుండెను. యాబది దాటిన వారికి సర్పి రాకుండ వేయు టీకా 2023 నుండి మన దేశములోను లభించుచున్నది. రెండు మోతాదులు. ఖరీదు ఎక్కువయే. అయినను స్తోమత గలవారు వైద్యుని అడుగుటలో తప్పు లేదని నా అభిప్రాయము. మరియొక సంగతి. సర్పి పొక్కులలోని నీరు అంటినచో, అంతకు ముందు ఆటలమ్మ పోయని వారికి ఆటలమ్మ పోయును. ఇంటిలో చూలాలు, పసిబిడ్డ ఉన్నచో రోగి దుప్పటి, తువాలు వేరుగా ఉంచి పొక్కులపై పలుచని శుభ్రమైన బట్ట కప్పవలెను.

ఇప్పుడు అసలు మాటకు వచ్చుచున్నాను. తనంతట తాను మాను రోగము వలె వైద్యునికి కీర్తి తెచ్చునది మరియొకటి లేదు. పురుగు పొక్కు మానును, సర్పి పొక్కులు రెండు మూడు వారములకు ఎండి రాలును, ఆటలమ్మ పొక్కులును అంతే. ఈ మానుటను జేగురు తన ఖాతాలో వ్రాసికొనుచున్నది, వేపాకు తన ఖాతాలో వ్రాసికొనుచున్నది. నేను నూరు చందనము కూడ వ్రాసికొనుచున్నదని ఒప్పుకొనవలెను. నలుబది ఏండ్లకు పైబడిన వైద్యవృత్తిలో నాకు దక్కిన పేరులో కొంత భాగము ఈ విధముగా వచ్చినదే. అందులో ప్రమాదము లేదు. ఆ కీర్తిని నమ్మి, మానని బొబ్బకు కూడ అదే పూత పూయునప్పుడే ప్రమాదము.

మా గురువుగారు కృష్ణ ఒడ్డున ఒక అగ్రహారములో ఉండెడివారు. ఎనిమిది మంది శిష్యులము ఆయన ఇంటనే తిని, ఆయన తోటలోనే మందులు నూరి, అష్టాంగహృదయము వల్లెవేసితిమి. బొబ్బ చూపుటకు ఎవరు వచ్చినను ఆయన ముందుగా బొబ్బను చూచెడివారు కారు. వాకిట నిలబెట్టి మూడు ప్రశ్నలు వేసెడివారు. నొప్పి ముందా, పొక్కు ముందా? ఒక ప్రక్కా, రెండు ప్రక్కలా? నిన్న మొన్న ఒంటికి ఏమి తగిలినది, కడుపులోకి ఏమి పోయినది? ఈ మూడింటికి జవాబు వచ్చిన తరువాతనే "ఏదీ, చూపు నాయనా" అనెడివారు. మాకు విసుగు పుట్టెడిది. చూచినచో తెలియుదానికి అడుగుట ఎందుకని.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడినది. నాకప్పుడు పదునేడేండ్లు. ఐదారు రోజుల తరువాత గురువుగారు మమ్ము నలుగురిని వెంటబెట్టుకొని అవనిగడ్డ వైపు పోయిరి. ఉప్పునీటిలో నానిన కాళ్ళు, ముండ్లు గీసిన గాట్లు, ఎండకు పేలిన వీపులు. ఆకులు నూరి నూరి మా చేతులు పచ్చబడినవి. అక్కడ ఒక పడవ మనిషి కాలు చూపెను. పిక్క మీద నల్లని నెత్తుటి బొబ్బలు, చుట్టును వాపు, ఒళ్ళంతయు జ్వరము, కంటికి కనబడు పుండుకు పొంతన లేనంత నొప్పి. నేను అలవాటుగా కల్వము అందుకొంటిని. గురువుగారు నా చేయి పట్టి ఆపి, సహాయపు లారీని నిలిపి, ఆ మనిషిని తామే పట్టి ఎక్కించి ఆసుపత్రికి పంపిరి. "ఇది ఆకుతో ఆరేది కాదురా. దీనికి కత్తి కావాలి" అనిరి. చరకుడు కాయచికిత్సకుడై యుండియు గుల్మము పక్వమైనప్పుడు ఇక్కడ ధన్వంతరి సంప్రదాయము వారికే అధికారమని శస్త్రవైద్యులకు అప్పగించినాడు. ఆ శ్లోకము అంతకు ముందే నాకు కంఠస్థము. దాని అర్థము ఆ లారీ దగ్గర తెలిసినది.

తెలిసినదని నేననుకొంటిని. 1996లో గుడివాడ వైపు నుండి ఒక కౌలురైతు భార్య నా యొద్దకు వచ్చెను. వయసు నలుబదియైదు. నాలుగు నెలలుగా నోటిపూత. కారము తినలేదు, మజ్జిగ మ్రింగినను మంట. నేను త్రిఫలా కషాయముతో పుక్కిలింప చెప్పి, అతిమధురము నేతితో ఇచ్చితిని. రెండు నెలలు అదే నడచినది. తరువాత రొమ్ము మీద, వీపు మీద బొబ్బలు లేచినవి. సర్పి బొబ్బ వలె గట్టివి కావు. వదులుగా, ముట్టుకొన్నచో పగులునట్లుండెను. పగిలిన తావు మానక పచ్చిగానే ఉండెను. చరకుడు క్షుద్రకుష్ఠములలో చెప్పిన విస్ఫోటమని నేను తలచి, పిత్తము మిక్కుటమైనదని విరేచనము చేయించితిని. పచ్చి చర్మము నుండి నీరంతయు కారిపోవుచున్న మనిషికి విరేచనము! ఇరువది రోజులలో ఆమె లేచి కూర్చుండలేని స్థితికి వచ్చినది. తమ్ముడు వచ్చి, నాకు చెప్పకుండనే, పెద్దాసుపత్రికి తీసికొనిపోయెను. అక్కడ చర్మము ముక్క తీసి పరీక్షించి పెంఫిగస్ అనిరి.

ఆ రోగములో మన ఒంటి రక్షణశక్తియే దారి తప్పి చర్మకణములను కలిపి ఉంచు బంధములను త్రెంపును. చాలమందికి మొదట నోటిలోనే పుట్టి, నెలల తరువాత చర్మము మీదికి వచ్చును. 1950 ప్రాంతమున స్టీరాయిడ్లు రాకపూర్వము అది సోకిన వారిలో బ్రతికినవారు బహు కొద్దిమంది. స్టీరాయిడ్ అనగానే మన వైద్యులము ముఖము చిట్లించుట అలవాటు. నేనును చిట్లించిన వాడినే. ఆమె ఆ మందుతోనే లేచి తిరిగినది. తరువాత పదునొకండేండ్లు బ్రతికి, కూతురి పెండ్లి చూచినది. ఆమె భర్త ఆ తరువాత కూడ మోకాళ్ళ నొప్పులకు నా యొద్దకే వచ్చెడివాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనినచో బాగుండెడిది.

అప్పటినుండి గురువుగారి మూడు ప్రశ్నలకు నేను నాలుగవది చేర్చుకొంటిని. నోరెట్లున్నది, కన్నెట్లున్నది? నోటిపూత రెండు మూడు వారములు దాటియు మానక, ఆపై ఒంటి మీద బొబ్బ లేచినచో అది ఇంటి వైద్యము కాదు, నా వైద్యము కూడ కాదు. అట్లే ఏదేని క్రొత్త మాత్ర మొదలిడిన కొద్దివారములలో జ్వరము వచ్చి, కళ్ళు ఎర్రబడి, పెదవులు పేలి, ఒంటి మీద చర్మము పొరలు పొరలుగా ఊడుచున్నచో ఆ గంటయే ఆసుపత్రికి చేరవలెను. మూర్ఛకు వాడు కొన్ని మందులు, కీళ్ళవాతములో యూరిక్ ఆమ్లము తగ్గించు అల్లోపురినాల్, సల్ఫా మందులు, ఇవి కొందరికి ఇట్లు వికటించును. వాడుచున్న మందుల చీటీలన్నియు వెంట తీసికొని పోవలెను. మనమిచ్చిన చూర్ణము పొట్లము కూడ.

ఇక మనమే లేపిన బొబ్బల సంగతి. నల్లజీడి గింజను మన చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టుటకు వాడెడివారు. ఉతికినను పోని గుర్తు అది. ఆ గింజ పెంకులోని నల్లని జిడ్డు చర్మము మీద పడినచో అగ్ని వలె కాల్చును. భల్లాతకము అగ్ని వంటిదని, విధి తెలిసి వాడినచో అమృతతుల్యమని చరకుడు చెప్పెను. మన వారికి రెండవ సగమే గుర్తున్నది. ఇటుక పొడితో శుద్ధి చేసి, రోగి ప్రకృతి చూచి, వేసవి కానప్పుడు వైద్యుడు వాడవలసిన ద్రవ్యమును బెణుకు మీద, మడమనొప్పి మీద చుక్క పెట్టుకొనుచున్నారు. చుక్క పెట్టిన చోట మాత్రమే కాదు, చేయి తగిలిన ప్రతి చోటను బొబ్బ లేచును. కొందరికి ముఖమంతయు ఉబ్బును. చిత్రమూలము వేరును, జిల్లేడు పాలును ఇదే కోవకు చెందినవి. జిల్లేడు పాలు కంటిలో పడుట మరింత అపాయము.

వెల్లుల్లి సంగతి చెప్పుటకు నాకు సిగ్గుగా ఉన్నది. చాల ఏండ్ల క్రిందట ఒక పత్రిక చిట్కాల పేజీకి నేనే వ్రాసితిని, తామరకు పచ్చి వెల్లుల్లి నూరి కట్టవలెనని. ఎంతసేపు కట్టవలెనో వ్రాయలేదు. మూడు వారములకు ఒక తల్లి ఆరేండ్ల పిల్లవానిని ఎత్తుకొని వచ్చెను. పాదము మీద అరచేయంత బొబ్బ. రాత్రంతయు కట్టి ఉంచినదట. "మీరే కదండీ రాశారు" అని పత్రిక కాగితము తీసి చూపెను. చీర కొంగున ముడివేసి తెచ్చినది. ఆ పిల్లవాని పాదము మీద ఆ మచ్చ మిగిలియే ఉండును.

నిప్పు బొబ్బ దగ్గర నేను సుశ్రుతునితోనే విభేదింతును. ఆయన కాలిన గాయములను ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము అని నాలుగుగా విభజించి, స్ఫోటములు లేచునది దుర్దగ్ధమని చెప్పెను. ఆ విభజన నేటికిని చక్కగా పనికివచ్చును. కాని ప్లుష్టమునకు చల్లదనము పనికిరాదని, చన్నీరు రక్తమును గడ్డకట్టించి వేడిని లోపలనే నిలుపునని, కాబట్టి వేడియే చేయవలెనని ఆయన మతము. నేను గురుకులములో దీనిని భక్తితో చదివితిని. నా కోడలి చేతి మీద అరిసెల మూకుడు లోని నూనె చిందిన సంక్రాంతినాడు మాత్రము ఆమెను కుళాయి క్రిందనే నిలబెట్టితిని. ఇరువది నిమిషములు, గడియారము చూచుచు. గాజులు, ఉంగరము వాపు రాకముందే తీయించితిని. ఐసుగడ్డ పెట్టనీయలేదు. పేస్టు, సిరా, దోసెపిండి, గ్రుడ్డుసొన, ఏదియు దగ్గరకు రానీయలేదు. బొబ్బ లేచినది, దానిని చిదుపలేదు, తొమ్మిది దినములకు మానినది. ముఖము, కీళ్ళు, మర్మస్థానములు కాలినను, అరచేతిని మించిన బొబ్బ లేచినను, విద్యుత్తు వలన కాలినను ఈ కుళాయి వైద్యము దారిలో మొదటి మెట్టు మాత్రమే. విద్యుత్తు అయినచో ముందు మెయిన్ ఆపివేయవలెను.

మధుమేహులకు వచ్చు పాదముల బొబ్బ గురించి వ్రాయుటకే నేను ఈ వ్యాసమునకు పూనుకొంటిని. సర్పి ముందుకు వచ్చి కూర్చున్నది. భవానీ దీక్ష విరమణల రోజులలో మా విజయవాడ వీధులన్నియు ఎర్రబారును. ఎంతెంత దూరముల నుండియో చెప్పులు లేక నడచి వచ్చి, ఇంద్రకీలాద్రి చుట్టు గిరిప్రదక్షిణ చేయుదురు. పడుచువారి అరికాలి బొబ్బ వారము రోజులలో మానును, దాని గురించి నాకు చింత లేదు. యాబది దాటి, పదేండ్లుగా చక్కెర వ్యాధి ఉన్న భక్తునకు అరికాలు మొద్దుబారి ఉండును. బొబ్బ లేచినట్లు తెలియదు, పగిలినట్లు తెలియదు. ఇంటికి పోయి మేజోడు తీసినప్పుడు వాసన వచ్చును. నొప్పి లేదు కావున పరవాలేదనుకొందురు. నొప్పి లేకుండుటయే అక్కడి రోగము. వేసవిలో గుడి బండల మీద నడచుట, తిమ్మిరి తగ్గునని వేడినీటిలో కాళ్ళు పెట్టుకొనుట, ఇవియు ఇట్టివే. నీటి వేడిని మోచేతితో చూడవలెను గాని ఆ పాదముతో కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతము రోజుల తరబడి మురుగు కలిసిన నీటిలో మునిగినప్పుడు, ఆ వీధుల వారి కాళ్ళు చూచుటకు పోయితిని. దివిసీమ కాళ్ళే మరల చూచినట్లయినది. తేడా ఒకటే. 1977లో నేను చూచిన వారిలో చక్కెర వ్యాధి కలవారు ఎందరో నాకు గుర్తు లేదు. 2024లో అడిగిన ప్రతి ఇంటను ఒకరు ఉండిరి. వారికి నేను ఏ తైలమును ఇయ్యలేదు. పాదము కడిగి, ఆరబెట్టి, వ్రేళ్ళ నడుమ చూచి, బొబ్బ ఉన్నవారిని అదే రోజు వైద్య శిబిరమునకు పంపితిని. "ఆయుర్వేదం డాక్టరుగారు ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి పంపుతున్నారేమిటి?" అని ఒక పెద్దావిడ నవ్వినది. గురువుగారు లారీ ఎక్కించిన కథ ఆమెకు చెప్పుటకు అప్పుడు తీరిక లేదు.

పత్రికలను, ఈ పత్రికను కూడ కలుపుకొని, నేను కోరునది ఒకటి కలదు. చిట్కాల పేజీలో 'బొబ్బలకు' అను శీర్షిక ఉండరాదు. బొబ్బ రోగము కాదు. లోపల ఏదో జరిగినదని చర్మము చెప్పు మాట. పురుగు నలిగినను, నాడి రగిలినను, మాత్ర వికటించినను, నూనె చిందినను చర్మమునకు తెలిసిన మాట ఆ ఒక్కటే. 'పురుగు నలిగిన పొక్కునకు', 'చెప్పు కరచిన బొబ్బకు' అని వ్రాయుడు, నాకు అభ్యంతరము లేదు. చెప్పు కరచిన దానికి కలబంద గుజ్జు చాలును. ఏ చిట్కాకైనను ఎంతసేపు, ఎవరికి కూడదు, ఎన్ని దినములు చూచి ఆపవలెను అను మూడు మాటలు లేనిదే అచ్చు వేయరాదు. చోటు చాలదని సంపాదకులు అందురు. చోటు చాలనప్పుడు చిట్కాయే తీసివేయవచ్చును.

సంక్రాంతి వెళ్ళిన తరువాత నేను ఆ ఊరికి పోయి, జేగురు పూయు పెద్దాయనను చూచితిని. డెబ్బదియైదేండ్లు ఉండును. డబ్బు పుచ్చుకొనడు, టెంకాయ మాత్రమే. నేను తగవుకు వచ్చితినని ఇంటివారు కలవరపడిరి. అరుగు మీద కూర్చుండి మజ్జిగ త్రాగిన తరువాత రైతు కంటి సంగతి చెప్పితిని. ఆయనకు తెలియదు. చాలసేపు మాటలాడలేదు.

"మా నాన్న దగ్గర నేర్చుకున్నానండి. కన్ను సంగతి ఆయన చెప్పలేదు."

"మా గురువుగారు నాకు నోటి సంగతి చెప్పలేదు, పెద్దాయనా. మీ పూత మానమని నేను అనను. మెడకు పైన వచ్చిన దానికి మాత్రం పూయకండి. ముందు నా దగ్గరికి పంపండి, లేదా నేరుగా కంటి ఆసుపత్రికి. అక్కడి నుంచి వచ్చాక కావాలంటే పూయండి."

"అప్పుడిక నా పూతెందుకండి?" అని ఆయన నవ్వెను. ఒప్పుకొన్నట్లో, కానట్లో నాకు తెలియలేదు.

మాఘమాసములో ఒక మధ్యాహ్నము ఆ ఊరి నుండి ఒక స్త్రీ వచ్చెను. నుదుటి మీద నాలుగు పొక్కులు, ముక్కు ప్రక్కన ఒకటి. రెండవ దినము. ముఖము మీద జేగురు లేదు. పెద్దాయన పంపినారని, టెంకాయ కూడ పుచ్చుకొనలేదని చెప్పినది.